యంత్రం మారినా అక్షరం చెదరకూడదు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శి గారు మమ్ములను విద్య, ఉపాధి అనే అంశము మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. ఈ అంశము మీద ప్రతి ఏడూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు, మనము చప్పట్లు కొడుతూనే ఉన్నాము. ఈసారి పెద్ద మాటలు పక్కన పెట్టి ఒక చిన్న వస్తువును గురించి మాట్లాడదలచినాము. అది లాప్‌టాప్. మాక్ కొనాలెనా, విండోస్ కొనాలెనా, ఒకదాని మీద పని నేర్చినవాడు రెండవదానికి మారవలసి వస్తే ఏమి చేయాలె, ఇదే మా ప్రసంగ విషయము. ఉర్దూ మీడియం పంతులుకు దీనితో ఏమి పని అని కొందరు నవ్వవచ్చును. నవ్వండి, గాని ముందు మా తప్పు వినండి.

రెండేండ్ల కింద మా పాత విద్యార్థి ఒకడు సివిల్ డిప్లొమా పూర్తి చేసి, లాప్‌టాప్ కోసం మన సంఘములో ఖర్జె హసనా అడిగినాడు. వడ్డీ లేని అప్పు గనుక కమిటీ వారు జాగ్రత్తగానే చూసినారు. ఏది కొనిస్తే మంచిదని మమ్ములను అడిగినారు. అంతకు ముందు మేము ఒక బంధువు ఇంట్లో మాక్‌బుక్ చూసి ఉన్నాము. తేలికగా ఉన్నది, చప్పుడు లేదు, చార్జర్ తీసేసినా పొద్దంతా నడుస్తున్నది. అది చూసి "మాక్ కొనండి, చాలా ఏండ్లు మన్నుతది" అని సలహా ఇచ్చినాము. సంఘము ఇచ్చినది కొంత, ఇంట్లో కూడబెట్టినది కొంత కలిపి కొన్నారు.

ఆ పిల్లవాడు పనిలో చేరిన చోట భవనాల డ్రాయింగులన్నీ రెవిట్ అనే సాఫ్ట్‌వేర్ మీద చేస్తారు. రెవిట్ మాక్ మీద నడిచేటట్టు తయారు చేయలేదు. 2006 నుండి ఇంటెల్ చిప్ ఉన్న మాక్‌లలో బూట్ క్యాంప్ అనే ఏర్పాటు ఉండేది, దానితో అదే మిషన్‌లో విండోస్ కూడా పెట్టుకొని నడపగలిగేవారు. 2020 నవంబరులో ఆపిల్ వారు తమ సొంత ఎం1 చిప్ తెచ్చినారు, ఆ చిప్ ఉన్నవాటిలో బూట్ క్యాంప్ లేదు. పారలల్స్ వంటి సాఫ్ట్‌వేర్‌తో మాక్ లోపలే విండోస్ తెరవవచ్చును గాని, అది వేరే రకపు చిప్ కోసం చేసిన విండోస్. చిన్న పనులకు సరిపోతది, బరువైన పనికి దానిని నమ్ముకోలేము. చివరికి ఆ పిల్లవాడు మాక్‌ను నష్టానికి అమ్మి, తన దగ్గర లేని వస్తువుకు నెలనెలా కిస్తులు కట్టినాడు. ఒక్క కిస్తు ఎగ్గొట్టలేదు. మమ్ములను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మాకు ఎక్కువ బాధ అయినది. తప్పు యంత్రముది కాదు, పిల్లవానిది అసలే కాదు. పని ఏమిటో అడుగకుండా వస్తువు చెప్పిన మాదే తప్పు.

అప్పటి నుండి ఈ విషయము పట్టి చదివినాము, తెలిసినవాళ్ళను అడిగినాము. ఇంతలో పోయిన నెల ఒక తల్లి మా ఇంటికి వచ్చినది. కొడుకు హైదరాబాదులో పెండ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే చోట కుదిరినాడు. అక్కడ అంతా మాక్. ఇంట్లో ఉన్నది విండోస్. రాత్రిళ్ళు ఇంట్లో చేస్తే అదనపు పని ఇస్తామన్నారట. ఆమె కొంగు ముడి విప్పి చెవికమ్మలు చూపించి, "మాస్టర్ సాబ్, ఇవి కుదువ పెడతాను, కౌన్‌సా లేనా మీరే చెప్పండి" అన్నది. ఆ రోజు మేము వెంటనే జవాబు చెప్పలేదు. ఆమెకు చెప్పవలసిన జవాబునే ఈ రోజు మీ అందరి ముందు విడమరచి చెప్పుతున్నాము.

మొదట కొంచెము వెనుకటి సంగతి. ఆపిల్ వారి మాకింటోష్ 1984 జనవరిలో వచ్చినది. మైక్రోసాఫ్ట్ వారి విండోస్ మొదటి రూపము 1985 నవంబరులో వచ్చినది. నలభై ఏండ్లకు పైబడి ఈ రెండూ రెండు దారులు. అచ్చు పనిలో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్ 1985లో ముందు మాక్ మీదనే వచ్చి, 1987లో విండోస్‌కు వచ్చినది. ఫోటోషాప్ కూడా 1990లో మొదట మాక్ మీదనే పుట్టినది. అందుకే పెద్ద నగరాలలో డిజైన్ చేసేవాళ్ళకు మాక్ అలవాటు ఎక్కువ. మన పట్టణాలలోని డీటీపీ సెంటర్లలో మాత్రము పేజ్‌మేకర్, అను ఫాంట్లు, విండోస్, ఈ మూడింటి కాపురమే సాగింది. అక్కడి పని వేరు, ఇక్కడి ఖర్చు వేరు. ఒకరు గొప్ప, ఒకరు తక్కువ అనేది ఇందులో లేదు.

మన ఉర్దూవాళ్ళకు ఇట్లాంటి మార్పు కొత్తది కాదు. నస్తాలీఖ్ లిపి వరుస కుడి పైనుండి ఎడమ కిందికి జారుతూ పోతది గనుక సీసపు అచ్చు అక్షరాలకు అది లొంగలేదు. అందువల్ల చాలా కాలము కాతిబ్‌లు కలంతో ప్రతి పేజీ చేతితో రాస్తేనే పత్రిక అచ్చు అయ్యేది. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ గారి నూరీ నస్తాలీఖ్ మోనోటైప్ కంపెనీ సాయంతో కంప్యూటరు ఎక్కినది. అందుకు వేల సంఖ్యలో కలిపిరాత రూపాలు విడివిడిగా తయారు చేయవలసి వచ్చినది. ఆ ఏడే లాహోరులో జంగ్ పత్రిక దానితో వెలువడింది. 1994లో ఢిల్లీలో ఇన్‌పేజ్ తయారై మామూలు కంప్యూటరులో కూడా ఉర్దూ కూర్చే వీలు కలిగినది. అప్పుడు కొందరు కాతిబ్‌లు "ఇది కితాబత్ కాదు" అని కలం కింద పెట్టలేదు. కొందరు కీబోర్డు ముందు కూర్చున్నారు. కంటికి అక్షరము తెలిసినవాడు గనుక మిషన్ మీద కూడా ఏది వంకరో వాడే పట్టగలిగినాడు. కలము పోయినా కన్ను పోలేదు. మారే వేళ చూసుకోవలసినది ఇదే. మనకు తెలిసిన పని మనతో వస్తున్నదా లేదా అన్నది.

ఇప్పుడు పని మీదికి వద్దాము. మాక్, విండోస్‌ల నడుమ తేడాలను మూడు మెట్లుగా చెప్పుతాము.

మొదటి మెట్టు చేతి అలవాటు. విండోస్‌లో కాపీ చేయడానికి కంట్రోల్, సీ నొక్కుతాము. మాక్‌లో కమాండ్, సీ. కంట్రోల్ మీద చిటికెన వేలు పోయే చోట, కమాండ్ మీదికి బొటనవేలు పోవాలె. విండోస్‌లో కిటికీ మూసే గుర్తు కుడి మూలన ఉంటది, మాక్‌లో ఎడమ మూలన ఉంటది. మొదటి వారము చేయి తడబడుతది, కోపము వస్తది, వేగము సగమైతది. దీనికే భయపడి చాలామంది "మాకు రాదు" అంటారు. వాళ్ళకు మేము ఒకటే చెప్పుతాము. మన బడిలో ఆరేండ్ల పిల్ల మొదటి పీరియడ్‌లో ఉర్దూ కుడి నుండి ఎడమకు రాస్తది. రెండవ పీరియడ్‌లో తెలుగు ఎడమ నుండి కుడికి రాస్తది. మూడవ పీరియడ్‌లో ఇంగ్లీషు. గంట కొట్టగానే చేయి దిక్కు మార్చుకుంటది, ఎవరూ ట్రైనింగు ఇవ్వలేదు. అట్లాంటి పిల్లలు పెరిగి పెద్దయి, ఒక మీట పక్కకు జరిగినదని ఆగిపోతారా? మన ఇండ్లలో ఉర్దూ మీడియం అని చిన్నబుచ్చుకునే తల్లిదండ్రులు ఈ మాట మనసులో పెట్టుకోవాలె.

రెండవ మెట్టు ఫైళ్ళు, డిస్కులు. విండోస్‌లో వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి డిస్కును మాక్ చదువుతది గాని, మామూలుగా దాని మీద రాయదు. మాక్ పద్ధతి డిస్కును విండోస్ గుర్తే పట్టదు. పైగా "ఫార్మాట్ చేయమంటారా" అని అడుగుతది. అవునన్నారా, అందులోని పని అంతా పోయినట్టే. రెండు మిషన్ల నడుమ తిరిగే డిస్కును ముందే ఎక్స్‌ఫాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసుకుంటే రెండూ చదువుతవి, రెండూ రాస్తవి. ఈ ఒక్క ముక్క తెలియక పెండ్లి వీడియో పోగొట్టుకున్నవాళ్ళను మేము చూసినాము. పెండ్లి మళ్ళీ చేయలేము కదా! అందుకే ఏ పనికైనా రెండు నకళ్ళు వేరు వేరు చోట్ల ఉండాలె.

మూడవ మెట్టు సాఫ్ట్‌వేర్. అసలు గండము ఇక్కడ ఉన్నది. రెవిట్, సాలిడ్‌వర్క్స్, త్రీడీఎస్ మాక్స్, దుకాణాలలో లెక్కలకు వాడే టాలీ, ఇవి విండోస్ సొత్తు. ఫైనల్ కట్, లాజిక్, ఐఫోన్ యాప్‌లు తయారు చేసే ఎక్స్‌కోడ్, ఇవి మాక్ సొత్తు. ఫోటోషాప్, ప్రీమియర్, ఇన్‌డిజైన్, డావిన్సీ రిజాల్వ్, బ్లెండర్, వర్డ్, ఎక్సెల్ రెండింటి మీదా నడుస్తవి. ఆటోకాడ్ కూడా 2010 నుండి మళ్ళీ మాక్‌కు వచ్చినది. కాబట్టి ముందు సాఫ్ట్‌వేర్ పేరు అడుగవలెను, తరువాత మిషన్ పేరు. మేము ఆనాడు ఈ వరుసను తలకిందులు చేసినాము.

బరువైన పని చేసేవాళ్ళకు మరి రెండు సంగతులు. ఆపిల్ సొంత చిప్ ఉన్న మాక్‌లు తక్కువ కరెంటుతో ఎక్కువ పని చేస్తవి, చార్జర్ తీసినా వేగము తగ్గదు. ఇది నిజము. కాని మాక్‌బుక్ ఎయిర్‌లో ఈ చిప్ వచ్చినప్పటి నుండి ఫ్యాను లేదు. మన నల్లగొండ జిల్లా మే నెల ఎండలో గంటల తరబడి వీడియో తయారు చేస్తే అది వేడెక్కి నెమ్మదిస్తది. మాక్‌బుక్ ప్రోలో ఫ్యాను ఉంటది, ధర కూడా ఉంటది. ఇంకొకటి, ఈ మాక్‌బుక్‌లలో మెమరీ తరువాత పెంచలేము, కొన్ననాడు ఎంతనో ఎన్నటికీ అంతే. విండోస్ లాప్‌టాప్‌లలో చాలావాటికి తరువాత మెమరీ గాని, డిస్కు గాని వేయించుకోవచ్చును. అన్నింటికీ కాదు, కొనేటప్పుడే అడగాలె.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు మరీ జాగ్రత్త. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ వారి మామూలు మద్దతు ముగిసినది. విండోస్ 11 ఎక్కని పాత మిషన్ తక్కువ ధరకు వచ్చినదని సంబరపడవద్దు. అట్లనే 2025లో వచ్చిన మాక్ ఓఎస్ టహోనే ఇంటెల్ చిప్ మాక్‌లకు చివరి రూపమని ఆపిల్ వారు ప్రకటించినారు. వెనుక యాపిల్ గుర్తు మెరుస్తున్నదని ఇంటెల్ మాక్ కొంటే, ముసలి ఎద్దును కొమ్ములకు రంగు చూసి కొన్నట్టే.

ఇక మా మనసుకు దగ్గరి విషయము అక్షరాలు. మూడేండ్ల కింద మన సంచికకే జరిగిన సంగతి కొందరికి జ్ఞాపకము ఉంటది. తెలుగు పేజీలు ఇక్కడ విండోస్ మీద పాత అను ఫాంట్లతో కూర్చినారు. నగరములో పేజీలు దిద్దిన చోట మాక్ ఉన్నది. ఫైలు తెరిస్తే తెలుగు మాయమై ఇంగ్లీషు గుర్తుల చెత్త కనిపించినది. ఎందుకంటే ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరము లోపల నిజముగా ఉండదు. ఇంగ్లీషు గుర్తుకు కేటాయించిన స్థానములో తెలుగు అక్షరపు బొమ్మ పెట్టి ఉంటది. ఫాంటు లేని చోట తెర లేచి లోపలి ఇంగ్లీషు గుర్తే బయటపడుతది. ఇన్‌పేజ్ ఉర్దూ ఫైళ్ళు అయితే ఆ మిషన్‌లో అసలు తెరుచుకోలేదు. రెండు రాత్రులు మళ్ళీ టైపు చేసినాము. ఆ హడావిడిలో ఒక దాత తన తండ్రి గారి ఈసాలె సవాబ్ కోసము రాయించిన పేరు పడిపోయినది. ఆయన "ఫర్వాలేదు" అన్నారు. గాని సంచిక తెరిచినప్పుడల్లా లేని ఆ పేరే మాకు కనిపిస్తది.

దీనికి మందు యూనికోడ్. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి ప్రమాణములోనే తెలుగుకు 128 గదులు కేటాయించినారు. అరబీ, ఉర్దూ అక్షరాలకు వేరే వరుస ఉన్నది. యూనికోడ్‌లో రాసిన "క" మాక్‌లోనూ "క"నే, విండోస్‌లోనూ "క"నే, సెల్‌ఫోన్‌లోనూ "క"నే. నాగార్జునసాగరు నీళ్ళను చూడండి. కుడి కాలువలో గుంటూరు పోయేవీ, ఎడమ కాలువలో మన వైపు వచ్చేవీ కృష్ణ నీళ్ళే. కాలువ వేరైనంత మాత్రాన నీరు వేరు కాదు. పాత ఫాంట్లలో రాయడమంటే నీళ్ళను ఒకే కాలువకు తాళము వేసి పెట్టినట్టు.

ఒక చిన్న ముచ్చట. 2018 ఫిబ్రవరిలో మన తెలుగులోని "జ్ఞా" అనే ఒక్క అక్షరము, కంటికి కనిపించని ఒక గుర్తుతో కలిసి వస్తే, ఐఫోన్లలోనూ మాక్‌లలోనూ సందేశాల యాప్‌లు ఉన్నపళంగా మూతపడినవి. ప్రపంచమంతా ఆ వార్త తిరిగినది. ఆపిల్ వారు ఆ నెల 19వ తేదీన సవరణ విడుదల చేసినారు. జ్ఞానమనే మాటలోని మొదటి అక్షరానికే అంత పెద్ద యంత్రము తడబడినదని అప్పుడు నవ్వుకున్నాము. తరువాత ఆలోచిస్తే నవ్వు రాలేదు. మన అక్షరాలను పరీక్షించే చోట మన అక్షరాలు తెలిసిన పిల్లలు మరికొందరు ఉండి ఉంటే, అది ముందే దొరికేదేమో. ఆ కుర్చీల్లో మన పిల్లలు ఎందుకు కూర్చోకూడదు? తెలుగు, ఉర్దూ రెండూ చదవగలిగినవాళ్ళు ఎంతమంది దొరుకుతారు?

యూనికోడ్‌తో అన్నీ తీరినవని కాదు. అదే ఉర్దూ రాత విండోస్‌లో ఉర్దూ టైప్‌సెట్టింగ్ అనే ఫాంటులో ఒక తీరుగ, మాక్‌లో నోటో నస్తాలీఖ్‌లో ఒక తీరుగ కనిపిస్తది. అక్షరము చెదరదు గాని వరుసలు విరిగే చోటు మారుతది. అందుకే అచ్చుకు పంపేటప్పుడు ఫాంట్లు లోపల పొదిగిన పీడీఎఫ్ పంపవలెను, దిద్దుకోవడానికి యూనికోడ్ ఫైలు వేరుగా దాచుకోవలెను.

మారవలసి వచ్చినవాళ్ళకు చివరిగా మూడు మాటలు. పని గడువు నెత్తి మీద ఉన్నప్పుడు మారవద్దు. రంజాన్ నెల చివర కార్డుల పని పెట్టుకొని కొత్త మిషన్ తెరిచేవానికి ఈద్ ఉండదు. పాత మిషన్‌ను ఒక నెల పక్కనే ఉంచుకోండి. కొత్తదానిలో చిన్న పని ఒకటి మొదటి నుండి చివర వరకు చేసి చూసి, తరువాత పెద్ద పని ఎక్కించండి. పరువు కోసము మారవద్దు. పని కోరితేనే మారండి.

ఇప్పుడు ఆ తల్లి సంగతి. మేము పిల్లవానికి ఫోను చేసి, ఇంటి పని ఏ సాఫ్ట్‌వేర్ మీద కావాలో యజమానిని అడుగుమన్నాము. అక్కడ ఫైనల్ కట్ వాడుతున్నారు. దాని ఫైలు విండోస్‌లో తెరుచుకోదు. అయితే మొదటి కత్తిరింపు వరకు డావిన్సీ రిజాల్వ్‌లో చేసి ఇచ్చినా సరేనన్నారు. అది రెండింటి మీదా నడుస్తది, దాని ఉచిత రూపము కూడా ఉన్నది. ఇంట్లోని విండోస్ లాప్‌టాప్‌కు మెమరీ వేయించి, ఎక్స్‌ఫాట్ చేసిన డిస్కు ఒకటి కొన్నాడు. పగలు మాక్, రాత్రి విండోస్. వారము తడబడినాడు, ఇప్పుడు వాని చేతికి తేడా తెలియదట. ఆ తల్లి చెవికమ్మలు ఆమె చెవులకే ఉన్నవి. ఈ సభలోనే కూర్చున్నది.

అధ్యక్షులు గారికి మా మనవి ఇది. ఇకమీదట లాప్‌టాప్‌కు ఖర్జె హసనా ఇచ్చే దరఖాస్తులో మూడు ప్రశ్నలు చేర్చండి. నీవు చేసే పని ఏమి? దానికి ఏ సాఫ్ట్‌వేర్ తప్పనిసరి? నీవు చేరే చోట, లేక చదివే చోట ఏ మిషన్ వాడుతున్నారు? మూడింటికి జవాబు వచ్చిన తరువాతనే డబ్బు వదలండి. అది ఒకరు తీరిస్తే ఇంకొకరికి పోయే డబ్బు. ఒకరి దగ్గర వృథా అయితే తరువాతి పిల్ల వంతు వెనుకకు పోతది. రెండవ మనవి, మన సంఘపు పాత సంచికల తెలుగు, ఉర్దూ ఫైళ్ళన్నీ యూనికోడ్‌లోకి మార్చే పని సెలవుల్లో మా విద్యార్థులతో చేయిస్తాము. టైపు చేయడము వాళ్ళది, తప్పులు దిద్దడము మాది. పడిపోయిన ఆ పేరును మొట్టమొదట చేర్చుతాము.

మన దీన్‌లో మొదట దిగివచ్చిన ఆయతులలో చదువుమనే ఆజ్ఞ, కలము ప్రస్తావన ఉన్నవని చిన్నప్పటి నుండి వింటున్నాము. ఆ కలము రెల్లుదా, ఉక్కుదా, మీటలదా అన్నది కాలానికి వదిలేద్దాము. చదువు మాత్రము మన చేతి నుండి జారనీయకూడదు.

మా మాటల్లో పొరపాట్లు ఉంటే మన్నించగలరు.